ముందు ప్రాణం, తరువాత మందలింపు

మన కలిదిండి నుండి ఏలూరుకో, భీమవరానికో చదువుకు వెళ్ళిన మీ అబ్బాయి హాస్టలు గదిలో, స్నేహితుడొకడు తప్పతాగి, ఎంత లేపినా లేవడం లేదనుకోండి. చెబితే వాడి పరువు పోతుందని తలుపు మూసి ఊరుకోవడం స్నేహధర్మమా? కానే కాదు. తాగడం ఆపాక కూడా కడుపులోని మద్యం రక్తంలోకి ఎక్కుతూనే ఉంటుంది. వాంతి ఊపిరికి అడ్డుపడి నిద్రలోనే ప్రాణం పోవచ్చు. మజ్జిగ, నిమ్మరసం నోట పొయ్యకూడదు. పక్కకు ఒత్తిగిలజేసి, ఒంటరిగా వదలక, వెంటనే 108కి ఫోను చెయ్యాలి.

దారిలో పడివున్నవానిని మంచి సమరీయుడు సంజాయిషీ అడగలేదు. ముందు గాయాలకు కట్టు కట్టాడు. మన కోపానికి జడిసి పిల్లలు ఫోను చెయ్యకపోతే, ఆ మౌనంలో మనకూ పాలు ఉంది. "ముందు పిలువు నాయనా, తక్కినది తరువాత మాట్లాడుకుందాం" అని ఈ రాత్రి కుటుంబ ప్రార్థన కాగానే వారికి చెప్పండి.