కూర్చున్న మనిషిని చూడటం

మాదాపూర్‌లో ఉద్యోగం దొరికాక ఊరి నుంచి బాపును పిలిపించుకున్నాను. సెలవు దొరకలేదు. పొద్దున ఆయనను శిల్పారామంలో దింపి ఆఫీసుకు వెళ్లాను. సాయంత్రం వచ్చేసరికి అక్కడి గ్రామీణ మ్యూజియంలో, మట్టి ఇంటి ముందున్న మనిషి బొమ్మ పక్కన బాపు కూర్చుని ఉన్నాడు. ఎవరో కుర్రాళ్లు ఇద్దరినీ కలిపి ఫోటో తీసుకుంటున్నారు. ఆయనను అడగలేదు.

చాలా రోజుల తర్వాత జపాన్ దర్శకుడు యసుజిరో ఓజు 1953లో తీసిన ‘టోక్యో స్టోరీ’ చూశాను. ఒనోమిచి నుంచి ముసలి దంపతులు టోక్యోలోని పిల్లల దగ్గరకు వస్తారు. పిల్లలకు తీరిక లేదు. డబ్బులిచ్చి అతామి అనే వేడినీటి ఊటల ఊరికి పంపేస్తారు. ఇల్లు చేరాక తల్లి చనిపోతుంది.

ఓజు కెమెరా నేలకు దగ్గరగా, మనమూ చాప మీద కూర్చున్నట్టు ఉంటుంది. దాదాపు కదలదు. పిల్లలు ఇవ్వని తీరికను ఆ ముసలివాళ్లకు కెమెరా ఇస్తుంది.

అలాగని కదలిక తప్పు కాదు. మరుసటి ఏడాదే వచ్చిన అకిరా కురొసావా ‘సెవెన్ సమురాయ్’ చివరి పోరులో జోరువాన, బురద, గుర్రాల పరుగు. రైతులు తమ పంటనూ ఊరినీ కాపాడుకుంటున్నారు. ఆ కదలిక వాళ్ల అవసరం నుంచి పుట్టింది.

అందుకే అడగాల్సిన ప్రశ్న, కెమెరా కదిలిందా లేదా అని కాదు. ఆ నిశ్చలత, ఆ కదలిక ఎవరివి? బొమ్మ కదలదు, ఎందుకంటే దానిని అలా చేశారు. బాపు కదలలేదు, ఎందుకంటే ఏదో ఆలోచిస్తున్నాడు. ఫోటోలో ఈ తేడా పోయింది.

మన ఆదివాసులను బయటి కెమెరా ఎక్కువగా రెండు రకాలుగా చూస్తుంది: బొమ్మలా నిలబెట్టి, లేదంటే ఆడించి. గుస్సాడీ అంటే నెమలి ఈకల టోపీ, గంతులు అనుకుంటారు. ఆ ఆట వెనుక దీక్ష ఉంది, ఊరి నుంచి ఊరికి వెళ్లే చుట్టరికం ఉంది. రెండు నిమిషాల వీడియోలో అవి పట్టవు. మన నిదానాన్ని వెనుకబాటు అనుకునేవాళ్లూ ఉన్నారు.

ఇప్పుడు ఫోన్లు మన పిల్లల చేతుల్లోనే ఉన్నాయి. ఉపాధ్యాయులు వాళ్లకు ఒక పని చెప్పవచ్చు. ఇంట్లో పెద్దవాళ్లను ముందు అడగండి. వాళ్ల పక్కన నేల మీద కూర్చోండి. వాళ్లు మాట్లాడేదాకా ఆగండి. మాట్లాడకపోయినా ఫరవాలేదు.

ఆ సాయంత్రం నేను ఆగలేదు. ‘పద బాపూ, ఆలస్యమవుతోంది’ అన్నాను. ఆయన ఏం ఆలోచిస్తున్నాడో అడగనే లేదు.