వాయిదా తప్పనివానికి అన్యాయమా?



ఇంటి అప్పుల మీద ప్రభుత్వం ఏదైనా ఉపశమనం ప్రకటించినప్పుడెల్లా మన సంఘాలలో ఒక ప్రశ్న లేస్తుంది. "మేము పండుగకు బట్టలు కూడా కొనుక్కోకుండా నెల నెలా వాయిదా కట్టాము. కట్టలేనివానికి తగ్గింపు ఇస్తే, కట్టినవాని సంగతేమిటి?" దీనిని అసూయ అని కొట్టిపారేయడం తేలిక. తప్పిపోయిన కుమారుని అన్నను గుర్తుచేసి, చిన్న ప్రసంగం చేసి ఆ సహోదరుని కూర్చోబెట్టవచ్చు. అయితే అతడు అడుగుతున్నది న్యాయాన్ని గురించి. గనుక న్యాయంగానే జవాబు చెప్పాలి.

మొదట లెక్క చూద్దాము. 2020 మార్చి 27న రిజర్వు బ్యాంకు, ఆ నెల 1వ తేదీ నుండి మూడు నెలల వాయిదాలు ఆపుకొనే వీలు ఖాతాదారులకు ఇవ్వవచ్చునని బ్యాంకులకు అనుమతి ఇచ్చింది. తరువాత దానిని ఆగస్టు 31 వరకు పొడిగించింది. (మన భాషలో కంతుకూ వాయిదాయే పేరు, ఆలస్యానికీ వాయిదాయే పేరు. ఆ ఏడాది రెండూ ఒకటయ్యాయి.) గంజాం జిల్లాకు ఆ నెలలు ఎటువంటివో మీకు చెప్పనక్కరలేదు. సూరత్ మరమగ్గాల నుండి మనుష్యులు వేల సంఖ్యలో ఇళ్లకు తిరిగి వచ్చారు. ఆ వేసవిలోను వానలలోను ఒడిశాలో కోవిడ్ మిక్కిలి దెబ్బతీసిన జిల్లా మనదే. బరంపురంలో అంగడి తలుపులు మూసి ఉన్నా అప్పుమీద వడ్డీ మాత్రం నడుస్తూనే ఉంది. ఆగిన వడ్డీ అసలులో కలిసి, దానిమీద మరల వడ్డీ పెరిగింది.

అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం, రెండు కోట్ల రూపాయల లోపు అప్పులున్నవారికి ఆ ఆరు నెలల చక్రవడ్డీకీ బారువడ్డీకీ ఉన్న తేడాను తానే భరిస్తానన్నది. పది లక్షల అప్పు, నూటికి 8 చొప్పున సంవత్సరపు వడ్డీ అనుకోండి. ఆరు నెలల బారువడ్డీ 40,000 రూపాయలు. చక్రవడ్డీ లెక్కన సుమారు 40,673. ప్రభుత్వం ఇచ్చినది ఆ 673 రూపాయలు. మిగిలిన నలభై వేలు అప్పు తీసుకున్నవాడే కట్టాడు. పైగా ఆ 673 రూపాయలు వాయిదా ఆపినవానికే కాదు, ఆపకుండా కట్టినవానికి కూడా ఇచ్చారు. మన సహోదరుని బ్యాంకు పాసుపుస్తకంలో అది జమపడే ఉంటుంది, ఆయన గమనించి ఉండకపోవచ్చు.

2008లో అలా జరుగలేదు. అప్పటి వ్యవసాయ రుణమాఫీ, నిర్ణీత తేదీకి బాకీపడినవారికే వర్తించింది. పుస్తెలు తాకట్టు పెట్టి సమయానికి కట్టిన రైతుకు ఏమీ రాలేదు. ఆ రైతు బాధపడితే ఆ బాధ న్యాయమైనదే. అంతకుముందు 1990లో పదివేల రూపాయల వరకు చేసిన మాఫీ తరువాత గ్రామాలలో అప్పుల వసూలు చెడిపోయిందని బ్యాంకులవారు చాలాకాలం మొరపెట్టుకున్నారు. అందులో నిజము లేదని నేను అనను. ఎన్నికల ముందర మాఫీ ఆశ చూపి ఓట్లు అడగడం కనికరం కాదు.

మోషే ధర్మశాస్త్రం ఈ చిక్కును ఎరుగును. ద్వితీయోపదేశకాండము 15వ అధ్యాయములో ఏడవ సంవత్సరపు విడుదలను గూర్చి చెప్పి, వెంటనే మరొక హెచ్చరిక ఉన్నది: విడుదల ఏడు దగ్గర పడుతున్నదని లెక్కచూచుకొని బీదవానికి అప్పివ్వకుండా చేయి ముడుచుకొనే మనస్సును గూర్చిన హెచ్చరిక అది. మాఫీ వస్తుందంటే అప్పు పుట్టదని మన అర్థశాస్త్రవేత్తలు చెప్పే మాట అక్కడ ముందే ఉన్నది. అయినను విడుదల రద్దు కాలేదు. అది రాజు ఇష్టం వచ్చినప్పుడు ఇచ్చే దానము కాదు, అందరికీ ముందుగా తెలిసిన కట్టడ.

ఇక డబ్బు ఎవరిది అన్న సంగతి. మొత్తం వడ్డీయే మాఫీ చేయమని కొందరు సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2021 మార్చి 23న కోర్టు ఆ కోరికను ఒప్పుకొనలేదు. డిపాజిటుదారులకు బ్యాంకు వడ్డీ చెల్లించాలి కదా అన్నది. అయితే ఆ ఆరు నెలలకు ఏ అప్పుమీదనైనా, ఎంత పెద్దదైనా, వడ్డీమీద వడ్డీ వేయరాదని, వేసి ఉంటే తిరిగి సర్దాలని తీర్పిచ్చింది. ఈ తీర్పు నాకు సబబుగా తోస్తుంది. పదవీ విరమణ సొమ్మును డిపాజిటు చేసి, ఆ వడ్డీతో మందులు కొనుక్కొనే వృద్ధులు మన సంఘాలలో ఉన్నారు. ఇల్లు కట్టుకున్న యౌవనునికి మాఫీ చేసిన వడ్డీ వారి మందులలో నుండి రాకూడదు.

అదే 2020 మార్చి 27న అమెరికాలో కూడా ఒక చట్టంపై సంతకం జరిగింది. ప్రభుత్వ హామీ ఉన్న ఇంటి అప్పులకు 180 దినములు, అడిగితే మరో 180 దినములు కంతులు ఆపుకొనే హక్కు అది ఇచ్చింది. అక్కడి ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ హామీ ఉన్న అప్పులలో, ఆగిన కంతులను వడ్డీ లేకుండా ప్రక్కన పెట్టి, అప్పు తీరినప్పుడో ఇల్లు అమ్మినప్పుడో కట్టించుకొనే ఏర్పాటు కూడా జరిగింది. మన ఏర్పాటు అంత ఉదారమైనది కాదు. కాని అక్కడ కూడా బాకీ చెరిగిపోలేదు, జరిగింది అంతే.

2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. ఆ తరువాత ప్రపంచ బ్యాంకు సాయంతో తీర గ్రామాలలో పక్కా ఇళ్లు కట్టించి ఇచ్చారు. "మా ఇల్లు పడిపోలేదు గనుక మాకేమి ఇస్తారు?" అని అప్పుడు అడిగినవారిని నేను ఎరుగను. తుఫాను కంటికి కనబడుతుంది. ఎగిరిపోయిన కప్పును చూచినవాడు లెక్క అడుగడు. పని పోయిన ఇంటికి కప్పు అలాగే ఉంటుంది. లోపల పొయ్యి వెలగడం లేదన్న సంగతి వీధిలోనివారికి తెలియదు. వాయిదా తప్పినవానిలో సోమరిని చూస్తున్నామా, తుఫాను బాధితుని చూస్తున్నామా అన్నది, చాలా వరకు మనకు కనబడినదానిని బట్టే ఉంటుంది.

ధర్మశాస్త్రములో నాకు మిక్కిలి ఇష్టమైన కట్టడ ద్వితీయోపదేశకాండము 24లో ఉన్నది. అప్పిచ్చినవాడు తాకట్టు వస్తువు కొరకు ఋణస్థుని ఇంటిలోనికి పోరాదు. బయట నిలువబడాలి. ఋణస్థుడే దానిని బయటికి తెస్తాడు. ఆ వస్తువు బీదవాని పైవస్త్రమైతే సూర్యాస్తమయమునకు తిరిగి ఇచ్చివేయాలి. అక్కడ అప్పు రద్దు కాలేదని గమనించండి. బాకీ బాకీయే. అయితే గడప ఋణస్థునిది. ఇప్పటి మన చట్టాలలో కూడా ఆ గడప కొంత కనబడుతుంది. 2002 నాటి సర్ఫేసీ చట్టం ప్రకారం, అప్పు నిరర్థకమైనదని తేలిన తరువాత బ్యాంకు 60 దినముల నోటీసు ఇవ్వనిదే తనఖా ఇంటిని స్వాధీనపరచుకొనరాదు. వ్యవసాయ భూమి ఆ చట్టం క్రిందికి రానే రాదు, ఇల్లు వస్తుంది. లేవీయకాండము 25లోను ఇటువంటి తేడాయే ఉన్నది. ప్రాకారముగల పట్టణములో అమ్మిన ఇల్లు ఏడాదిలోగా విడిపించుకొనకపోతే కొన్నవానికే శాశ్వతంగా పోతుంది. పల్లెలోని ఇల్లు మాత్రం పొలముతో సమానము, సునాద సంవత్సరములో తిరిగి వస్తుంది.

సూర్యాస్తమయపు కట్టడకు దగ్గరగా వచ్చే నియమం ఒకటి ఇటీవల వచ్చింది. 2023 డిసెంబరు 1 నుండి, అప్పు పూర్తిగా తీరిన 30 దినములలోగా బ్యాంకు అసలు దస్తావేజులు తిరిగి ఇవ్వాలి. తన తప్పువలన ఆలస్యమైతే దినమునకు 5,000 రూపాయలు చెల్లించాలి. అప్పు తీరినా కాగితాల కొరకు బ్యాంకు మెట్లు ఎక్కి దిగుతున్నవారు మీలో ఉంటే, ఈ సంగతి మేనేజరుగారికి వ్రాతపూర్వకంగా గుర్తుచేయండి. నమ్మకంగా కట్టినవానికి దొరికిన ఉపశమనం ఇదే, దీనిని గూర్చి ఎవరూ మాట్లాడరు.

అయితే కట్టినవాడూ, కట్టలేనివాడూ ఇద్దరూ బ్యాంకు తలుపు దాటి లోపలికి వెళ్లినవారే. మూడవవాడు ఒకడున్నాడు. 2015లో మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజనలో, తక్కువ ఆదాయంవారి ఆరు లక్షల లోపు ఇంటి అప్పుకు వడ్డీలో నూటికి 6.5 వంతులు ప్రభుత్వం భరించింది. ఒక్కొక్కరికి సుమారు 2.67 లక్షల వరకు మేలు జరిగింది, 2022 మార్చితో అది ముగిసింది. 2024లో వచ్చిన రెండవ దశలో 1.80 లక్షల వరకు ఇస్తున్నారు. మంచిదే. కాని పట్టా లేనివానికి, జీతపు రసీదు లేనివానికి, బ్యాంకు అప్పే పుట్టదు. అప్పు లేనివానికి వడ్డీ రాయితీ ఎక్కడిది? వాడు సబ్బు కొన్నప్పుడు కట్టే పన్నులో నుండి మన రాయితీకి వాటా పోతుంది. ఒడిశా ప్రభుత్వం 2017లో మురికివాడల నివాసులకు భూమి హక్కు ఇచ్చే చట్టం తెచ్చింది. ఆ హక్కు పిల్లలకు సంక్రమిస్తుంది, అమ్మరాదు, ఇంటి అప్పుకు తనఖా పెట్టవచ్చును. పితరుల స్వాస్థ్యమును అమ్మనన్న నాబోతు దానిని చూచి సంతోషించేవాడని నాకు అనిపిస్తుంది. న్యాయం అడిగే సహోదరుడు ఈ మూడవవానిని గూర్చి కూడా అడిగితే ఆయన ప్రశ్న పూర్తి అవుతుంది.

నెహెమ్యా గ్రంథము 5వ అధ్యాయములో, కరవు కాలమందు జనులు పొలములను, ఇండ్లను కుదువబెట్టి మొరపెట్టారు. నెహెమ్యా ప్రధానులను గద్దించాడు గాని, తానును తన బంధువులును కూడా అప్పిచ్చినవారమేనని అక్కడే చెప్పాడు. పొలములు, ఇండ్లు తిరిగి ఇవ్వమన్నాడు, తీసుకుంటున్న నూరవ వంతు కూడా విడిచిపెట్టమన్నాడు. అది నెలకు నూటికి ఒకటి అని వ్యాఖ్యాతలు అంటారు, అంటే మన లెక్కలో రూపాయి వడ్డీ. మన మధ్య నోటుమీద ఇచ్చే అప్పులకు మూడు రూపాయలు మామూలు, ఏడాదికి నూటికి 36. పట్టా లేని సహోదరి కుమార్తె పెండ్లికో, రేకుల కప్పుకో ఆ అప్పే తీసుకుంటుంది. 2020లో ఆమె వడ్డీని ఆరు నెలలు ఆపమని ఏ రిజర్వు బ్యాంకూ చెప్పలేదు, ఏ కోర్టూ తీర్పివ్వలేదు. ఆపగలిగినవారు ఆదివారము ఆరాధనలో ఆమె ముందు వరుసలోనే కూర్చుంటారు.