తొంభై ఓట్లు, ఒక పోస్టరు

2017 మార్చి 11న మణిపూర్ ఎన్నికల ఫలితాలు చూసి ఒక స్నేహితురాలు ఫోన్ చేసింది. "తొంభై ఓట్లటే! పదహారేళ్లు తిండి మానేసినందుకు తొంభై ఓట్లు!" ఇద్దరం కలిసి ఆ ఊరి జనాన్ని తిట్టుకున్నాం. కృతఘ్నులన్నాం. ఆ మాట చాలా సులువుగా వచ్చేసింది. అది నన్ను ఇబ్బంది పెట్టడం మొదలైంది చాలా కాలం తర్వాత.

ఇరోమ్ షర్మిల గురించి ఈ పత్రిక చదివేవాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. 2000 నవంబరు 2న ఇంఫాల్ దగ్గర మాలోమ్ బస్టాపులో అస్సాం రైఫిల్స్ కాల్పులకి పదిమంది చనిపోయారు. సాయుధ దళాల ప్రత్యేకాధికారాల చట్టాన్ని ఎత్తేయాలంటూ ఇరవై ఎనిమిదేళ్ల షర్మిల నిరాహారదీక్షకి కూర్చుంది. ఆత్మహత్యాయత్నం కేసు, ముక్కులో గొట్టం, ఏడాదికోసారి విడుదల, మళ్లీ అరెస్టు. 2016 ఆగస్టు 9న అరచేతిలో తేనె వేసుకుని నాలికకి తాకించి దీక్ష విరమించింది. ఎన్నికల్లో నిలబడతానంది. ముఖ్యమంత్రి కావాలనుందంది. పెళ్లి చేసుకుంటానంది.

మనం కవితలు రాసిన కథ ఇక్కడితో ఆగిపోయింది. ఆ తర్వాతి ప్రచారం గురించి రాసినవాళ్లు తక్కువ. 2016 అక్టోబరులో పీపుల్స్ రిసర్జెన్స్ అండ్ జస్టిస్ అలయెన్స్ అని పార్టీ పెట్టారు. చివరికి నిలబడింది ముగ్గురు. షర్మిల తనకి అనువైన చోటు వెతుక్కోలేదు. 2002 నుంచి ముఖ్యమంత్రిగా ఉన్న ఒక్రమ్ ఇబోబి సింగ్ మీద ఆయన సొంత నియోజకవర్గం థౌబాల్‌లో నామినేషన్ వేసింది. సైకిల్ మీద తిరుగుతూ ఓట్లడిగింది. థౌబాల్‌లో పోలింగు జరిగిన రోజు మార్చి 8. ఇబోబికి 18,649 ఓట్లు, బి.జె.పి. అభ్యర్థికి 8,179, 'పైవారెవరూ కాదు' మీటకి 143, షర్మిలకి 90. అదే పార్టీ తరఫున వబగాయ్‌లో నిలబడిన నజీమా బీబీకి 33. మణిపూర్ శాసనసభకి పోటీ చేసిన మొదటి ముస్లిం స్త్రీ ఆవిడ. పోటీ చేస్తే చచ్చాక శ్మశానంలో చోటివ్వమని మతపెద్దలు బెదిరించారని అప్పట్లో పత్రికలు రాశాయి. ఆ ముప్ఫై మూడు ఓట్ల గురించి నాకు ఎవరూ ఫోన్ చెయ్యలేదు.

ముఖ్యమంత్రి కావాలన్న కోరికని చాలామంది అమాయకత్వమన్నారు. చట్టం పార్లమెంటుది, రాష్ట్రం రద్దు చెయ్యలేదు, నిజమే. కానీ ఒక ప్రాంతాన్ని 'కల్లోలిత ప్రాంతం'గా ప్రకటిస్తేనే అది అక్కడ అమలవుతుంది. 2004లో మనోరమ హత్య తర్వాత, కాంగ్లా కోట ముందు పన్నెండు మంది తల్లులు నగ్నంగా నిలబడి నిలదీశాక, ఇంఫాల్‌లోని ఏడు అసెంబ్లీ నియోజకవర్గాల్లో ఆ ప్రకటన ఎత్తేశారు. అప్పుడు ముఖ్యమంత్రి ఇబోబీయే. అంటే ఆ కుర్చీకి ఎంతో కొంత శక్తి ఉంది, షర్మిల లెక్క మరీ తప్పేం కాదు. మన దగ్గర పార్టీ పెట్టిన ప్రతి మగవాడూ మొదటి సభలోనే కాబోయే ముఖ్యమంత్రి అయిపోతాడు. అప్పుడు ఎవరికీ నవ్వు రాదు.

ఇంతకీ థౌబాల్ ప్రజలు షర్మిలకి ఓటు బాకీ పడ్డారా? పడ్డారనే మేమిద్దరం ఆ రోజు అనుకున్నాం. ఇప్పుడు అలా అనుకోవడం లేదు. మా ఊళ్లో ఎన్నికల ముందు రాత్రి డబ్బు తీసుకున్న వాళ్లు మర్నాడు ఓటు వేసి వచ్చి, "తీసుకున్నాం కదమ్మా, వెయ్యకపోతే తప్పు కాదూ" అనడం విన్నాను. అందులో నీతి లేకపోలేదు, కృతజ్ఞత నీతే అది. రోడ్డు వేయించాడు, పింఛను ఇప్పించాడు, మావాడికి ఉద్యోగం చూశాడు అని వేసే ఓటూ అంతే. పదిహేనేళ్ల ముఖ్యమంత్రికి సొంత నియోజకవర్గంలో అలాంటి బాకీలు కొల్లలుగా ఉంటాయి. షర్మిల ఆకలికి బదులుగా ఓటు వేసి ఉండాల్సిందని మనం అన్నామంటే, ఆ బాకీల చిట్టాలో ఇంకొక పద్దు రాస్తున్నట్టే. మన పద్దు పెద్దదంటున్నాం, అంతే. తనని అలా లెక్కగట్టమని షర్మిల అడగలేదు. తనని దేవతని చెయ్యొద్దని, మామూలు మనిషిలా చూడమని పదేపదే చెప్పింది. ప్రజాస్వామ్యంలో మామూలు మనిషికి ఓడిపోయే హక్కు కూడా ఉంటుంది.

ఇంత వరకూ వచ్చాక నాకు కాస్త నిమ్మళించింది. కానీ ఇది కూడా పూర్తి నిజం కాదు. మామూలు అభ్యర్థిగా తూచి చూసి, నిర్మాణం లేదు, డబ్బు లేదు, ముగ్గురితో ప్రభుత్వం ఎలా ఏర్పడుతుందని కాదన్నారనుకుంటే అది తీర్పు. ఆమె విషయంలో కాదనడం అభ్యర్థి కాకముందే మొదలైంది. తేనె నాకిన ఆ రాత్రే ఆమెకి ఉండటానికి చోటు దొరకలేదు. తీసుకెళ్లిన పేటలో వాళ్లు వద్దన్నారు. తిరిగి అదే ఆసుపత్రికి వెళ్లి పడుకోవాల్సి వచ్చింది.

మా నాయనమ్మ కార్తీక సోమవారాలు నక్షత్రాలు కనపడేదాకా పచ్చి మంచినీళ్లు ముట్టేది కాదు. ఆ రోజు ఇంట్లో ఆవిడ మాటకి ఎదురు లేదు. తాతయ్య కూడా గొంతు తగ్గించేవాడు. అదే నాయనమ్మ ఒకసారి, పొలం కాగితాలు తిరగరాస్తున్నప్పుడు, ఒక అర ఎకరం తన పేరున ఉంచమని అడిగింది. ఎవరూ అరవలేదు. ఎవరూ జవాబు కూడా చెప్పలేదు. "ఈ వయసులో నీకెందుకే" అని మా మేనత్త మాత్రం అంది. మనకోసం పస్తులుండే ఆడదాని ముందు వంగి నిలబడతాం. అదే మనిషి కూర్చుని 'నాకిది కావాలి' అంటే, మన మంచి ఆవిడ ఎటో పోయి ఎవరో కొత్తావిడ వచ్చినట్టు చూస్తాం. షర్మిల ఒక్కసారే మూడు అడిగింది: తిండి, మొగుడు, అధికారం.

మణిపూర్ ఇందులో తక్కువ తినలేదు. 1904లో, 1939లో బ్రిటిష్ పాలకులకి ఎదురు నిలిచిన స్త్రీల యుద్ధాలు, 'నుపీ లాన్', జరిగిన నేల అది. ఆడవాళ్లే నడిపే ఇమా బజారు, రాత్రిళ్లు కాగడాలు పట్టుకుని కాపలా కాసే మెయిరా పైబీలు. ఇవన్నీ చూసి అక్కడ స్త్రీలకి ఎంత గౌరవమో అని మనం వ్యాసాలు రాశాం. ఆ శాసనసభలోకి మొదటి స్త్రీ అడుగుపెట్టింది మాత్రం 1990లో. 2017లో అరవై మందిలో ఇద్దరు. 2007లో ఇబోబి రెండు చోట్ల గెలిచి ఒకటి వదులుకుంటే, ఆ ఖంగాబోక్ సీటు ఉపఎన్నికలో ఆయన భార్యకి వచ్చింది. ఇమా అంటే అమ్మ. వీధిలో, బజారులో అమ్మకి చోటుంది, సభలో భార్యకి చోటుంది. నలభై నాలుగేళ్ల పెళ్లికాని షర్మిల అప్పటికి ఈ రెండూ కాదు.

ఇక పోస్టరు సంగతి. 2011లో ఎం.ఏ. చదువుతున్నప్పుడు హాస్టల్లో నా మంచం పక్క గోడకి షర్మిల బొమ్మ అంటించుకున్నాను. ముక్కుకి గొట్టం, దువ్వని జుట్టు, సగం మూసిన కళ్లు. గదులు మారినా ఆ బొమ్మ నాతోనే వచ్చింది. పిహెచ్.డి. నాటికి మూలలు చిరిగిపోతే టేపు వేశాను. 2016 చివర్లో గదికి సున్నం వేయించేటప్పుడు తీశాను. తర్వాత మళ్లీ పెట్టలేదు. ఎందుకు పెట్టలేదని నన్ను నేను అడగలేదు. దీక్ష అయిపోయింది కదా, బొమ్మ పాతబడింది కదా అనుకుని ఉంటాను. హెల్మెట్ లేకుండా, కొంచెం కంగారుగా నవ్వుతూ సైకిల్ తొక్కుతున్న షర్మిల ఫొటోలు పేపర్లలో బోలెడు వచ్చాయి. ఒక్కటీ కత్తిరించుకోలేదు. మా తరం కవయిత్రులు ఆ గొట్టం మీద రాసినంతగా ఆ సైకిల్ మీద రాయలేదు. నేనూ రాయలేదు. గొట్టం మీద కవిత సులువు. సైకిల్ మీద రాయాలంటే ఆ పార్టీ ఏం చెప్పిందో చదవాలి, అందులో దేన్ని ఒప్పుకుంటామో, దేన్ని ఒప్పుకోమో తేల్చుకోవాలి. 2014 లోక్‌సభ ఎన్నికల్లో నిర్బంధంలో ఉందని ఆమెని ఓటే వెయ్యనివ్వలేదు. మూడేళ్లు తిరక్కుండా వచ్చి ఓట్లడిగితే, ఆమె ఏం చెబుతోందో నేను ఒక్క పేజీ కూడా చదవలేదు.

ఓడిపోయాక ఆమె మళ్లీ పోటీ చెయ్యనని చెప్పి మణిపూర్ వదిలి వచ్చేసింది. అదే ఏడాది ఆగస్టులో కొడైకెనాల్‌లో పెళ్లి చేసుకుంది. 2019లో బెంగుళూరులో కవలపిల్లలు పుట్టారు. ఆ చట్టాన్ని 2022లో కొన్ని పోలీసు స్టేషన్ల పరిధిలో ఎత్తేశారు. 2023 మేలో మొదలైన హింస తర్వాత, 2024 నవంబరులో ఆరు స్టేషన్ల పరిధిలో మళ్లీ తెచ్చారు.

నేను థౌబాల్‌లో ఉండుంటే తొంభై ఒకటో ఓటు నాదయ్యేదని స్నేహితురాలితో ఆ రోజు అన్నాను. ఈ మధ్య ఆమె ఆ మాట గుర్తు చేస్తే వెంటనే అవునని అనలేకపోయాను. పోస్టరు ఇంకా నా దగ్గరే ఉంది, అట్టపెట్టెలో, థీసిస్ కాగితాల కింద.