కిటికీ పాడైతే పూచీ ఎవరిది?

ఇల్లు కట్టేటప్పుడు సింహద్వారానికి జరిగే మర్యాద అంతా ఇంతా కాదు. మంచిరోజు చూసి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, మామిడాకులు కట్టి, కింద నవధాన్యాలు వేసి ద్వారబంధం నిలబెడతారు. కిటికీలకు ఆ భాగ్యం లేదు. బిగించిన మర్నాటి నుంచే అవి సైటుకు అడ్డదారి అయిపోతాయి. ఇసుక తట్టలు వాటి మీదుగానే లోపలికి వస్తాయి, పరంజా తాళ్లు వాటికే బిగిస్తారు.

తడి సిమెంటుకు క్షారగుణం ఎక్కువ, దాని పీహెచ్ 12 దాటుతుంది. ప్లాస్టరింగ్‌లో చిందిన చుక్కను ఆరేదాకా వదిలేస్తే అల్యూమినియం ఫ్రేము పూతను తినేసి తెల్లమచ్చ మిగులుస్తుంది. టేకు చెక్కయితే నల్లబడుతుంది. పక్కనే గ్రిల్లు వెల్డింగు చేస్తుంటే ఎగిరే నిప్పురవ్వ అద్దంలో దిగబడి సూదిమొనంత గుంట చేస్తుంది. అది ఎంత తుడిచినా పోదు. స్లైడింగ్ కిటికీ పట్టాలో సిమెంటు పడితే వాననీళ్లు బయటికి పోయే చిన్న రంధ్రాలు పూడిపోతాయి. ఆ సంగతి మొదటి వానకు గానీ బయటపడదు, అప్పటికి మేస్త్రీ మరో సైటులో ఉంటాడు.

కిటికీ చేసిన వడ్రంగి తన పని ముగించుకుని వెళ్లిపోయాడు. ఇంటివాళ్లు ఇంకా చేరలేదు. ఈ మధ్యకాలంలో ఆ కిటికీ ఎవరి పూచీ? పరాయి సొత్తు చేతిలో ఉన్నప్పుడు ఎలా మెలగాలన్నది చాలా పాత ధర్మసందేహం.

మనుస్మృతి ఎనిమిదో అధ్యాయం చాకలికి ఒక నియమం పెట్టింది. బట్టలను నున్నటి బూరుగు పలక మీద మెల్లగా ఉతకాలి, ఒకరివి మరొకరికి ఇవ్వకూడదు. కులాల మధ్య హెచ్చుతగ్గులను శాసించిన ఆ గ్రంథాన్ని తిరస్కరించేవారికి గట్టి కారణాలే ఉన్నాయి. అయినా ఈ నియమంలో ఒకటి గమనించాలి. జాగ్రత్తగా ఉండమని చెప్పి ఊరుకోకుండా, ఆ జాగ్రత్తకు కావలసిన పలకనూ అది పేర్కొంది. ఆ పలక ఎవరు తెచ్చివ్వాలో మాత్రం చెప్పలేదు.

సుమారు క్రీ.శ. 200 నాటికి కూర్చిన యూదుల ధర్మశాస్త్ర గ్రంథం మిష్నా కూడా పనివాడి బాధ్యతను గట్టిగానే చెప్పింది. బాగుచేయమని ఇచ్చిన పెట్టెను వడ్రంగి పాడుచేస్తే నష్టం కట్టాలి. గోడ పడగొట్టడానికి ఒప్పుకున్నవాడు రాళ్లు పగలగొడితే కట్టాలి. ఒకవైపు కూలగొడుతుంటే మరోవైపు దానంతటదే పడిపోతే కట్టనక్కర్లేదు, దెబ్బ అదురుకు పడితే కట్టాల్సిందే.

ఇంత కచ్చితమైన సంప్రదాయంలోనే, బాబిలోనియా తాల్ముద్ అనే గ్రంథంలో, మరోరకం తీర్పు ఉంది. కూలీలు మోస్తున్న ద్రాక్షసారా పీపా ఒకటి పగిలింది. దాని యజమాని ఒక పండితుడు. నష్టానికి బదులు వాళ్ల పైబట్టలు లాక్కున్నాడు. తగువు రవ్ అనే గురువు దగ్గరికి వెళ్లింది. బట్టలు తిరిగి ఇచ్చెయ్యమన్నాడాయన. ఇది చట్టమేనా అని పండితుడు అడిగితే అవునన్నాడు. పేదవాళ్లం, పొద్దంతా కష్టపడ్డాం, ఆకలితో ఉన్నాం, చేతిలో ఏమీ లేదని కూలీలు మొరపెట్టుకున్నారు. అయితే కూలి కూడా ఇవ్వమన్నాడు రవ్. మళ్లీ అదే ప్రశ్న, మళ్లీ అదే జవాబు.

లాభం చూసుకుని పనులు పట్టే పెద్ద కాంట్రాక్టరుకు ఈ దయ అక్కర్లేదు. పరంజా మీద నిలబడ్డ మనిషి సంగతి వేరు. చదరపు అడుగు లెక్కన డబ్బు కట్టేచోట, అద్దం కప్పడానికి పట్టే ప్రతి నిమిషం అతని జేబులోంచే పోతుంది. కప్పడానికి షీటు ఇవ్వకుండా, కప్పే సమయానికి కూలి కట్టకుండా, గీత పడిందని జీతం కోయడం అన్యాయం. బూరుగు పలక తెచ్చివ్వాల్సింది ఇల్లు కట్టించుకునేవాళ్లే.

ఆ పలక ఖరీదు పెద్దదేమీ కాదు. ప్లాస్టరింగ్‌కు ముందు పాలిథీన్ షీటు, సామాను దాటించేచోట గట్టు మీద ప్లైవుడ్ ముక్క, వెల్డింగ్ దగ్గర అడ్డంగా రేకు ఉంటే చాలా నష్టం ఆగుతుంది. వీలైతే ముందు ఫ్రేములు మాత్రమే బిగించి, అద్దాల తలుపులు చివర్లో పెట్టించుకోవచ్చు. ఇన్ని సమకూర్చాక కూడా ఎవరైనా అద్దం పక్కనే నిర్లక్ష్యంగా గ్రైండర్ తిప్పితే నష్టం అడగడం న్యాయమే. కప్పే ఖర్చు ఎవరిది, ఆ పనికి కూలి ఎంత అన్నది పని మొదలుపెట్టిన రోజే మేస్త్రీతో తేల్చుకోవాలి. గృహప్రవేశం ముహూర్తం తరుముకొస్తున్నప్పుడు ఆ మాట ఎవరి చెవికీ ఎక్కదు.