సరోవరదర్శనము – యాత్రికుని ఋణము

ఆలయమునకు పోయి వచ్చినవాడు స్వామిని చూచి వచ్చితినని చెప్పడు; దర్శనము చేసికొని వచ్చితినని చెప్పును. బజారును చూచుదురు, తిరునాళ్ళను చూచుదురు. దేవుని మాత్రము దర్శింతురు. తెలుగు మాటలాడువారు ఈ భేదమును ఎవరును నేర్పకయే పాటించుచున్నారు. కన్ను ఒక్కటే. అయినను ఒక చూపునకు ముందు స్నానము కలదు, ఉపవాసము కలదు, పాదరక్షలు విడుచుట కలదు, వరుసలో నిలుచుట కలదు. రెండవ చూపునకు ఇవేవియు లేవు. నియమము లేని ఆ రెండవ చూపు వలన పుణ్యము రాకున్నను పాపము మాత్రము అంటదని లోకము తలపోయును. చూచినంత మాత్రమున ఎవరి సొమ్ము పోవును? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకు లదాఖ్ సరస్సులంత తగిన తావు మఱొకటి దొరకుట అరుదు.

లదాఖ్ శీతల మరుభూమి. హిమాలయములు ఋతుపవనమేఘములను దక్షిణముననే అడ్డగించుటచే లేహ్ పట్టణమున ఏడాదికి వానయు మంచును కలిపి సుమారు 100 మిల్లీమీటర్లు మాత్రమే కురియును. ఏటి ఒడ్డులందు తప్ప చెట్టు లేదు, నీడ లేదు. అట్టి నేలపై 4,200 మీటర్లకు పైబడిన ఎత్తున పాంగాంగ్ సరస్సు 130 కిలోమీటర్ల మేర పొడవుగా సాగియున్నది. దాని పడమటి భాగము భారతదేశపు అధీనమున నున్నది. తక్కిన పెద్దభాగము టిబెట్టులో నున్నది. పూర్వమెన్నడో ఈ నీరు ష్యోక్ నదిలోనికి పారెడిది. ఆ దారి మూసికొనిపోయినందున నేడు వచ్చిన నీటికి పోవు మార్గము లేదు. కరగిన మంచు వచ్చి చేరును, ఎండకు ఆవిరియై పోవును, ఉప్పు మిగులును. ఉప్పునీరైనను చలికాలమున సరస్సు గట్టిగా గడ్డకట్టును. ఇక దాని రంగును గూర్చి చెప్పుట అనవసరము. ప్రొద్దుట ఒక నీలము, మధ్యాహ్నము వేఱొక నీలము, మేఘము అడ్డుపడిన క్షణమున ఇంకొకటి. చూచివచ్చిన ప్రతివారును ఆ మాటయే చెప్పుదురు.

ఆ నేల తానుగా ఒక నియమమును విధించుచున్నది. లేహ్ పట్టణమే 3,500 మీటర్ల ఎత్తున నున్నది. విమానము దిగినవాడు ఎంతటి ధనికుడైనను, ఎంత తొందరలో నున్నను, కనీసము రెండు దినములు కదలక మెదలక విశ్రమింపవలెనని వైద్యులు హెచ్చరింతురు. పాంగాంగ్ ఒడ్డున గాలి పీడనము సముద్రతీరమున నుండుదానిలో నూటికి అఱువది పాళ్ళు మాత్రమే. ఈ కట్టడిని మీఱినవారికి తలనొప్పి, వాంతులు మొదలగును. ఒక్కొక్కప్పుడు ఊపిరితిత్తులలో నీరు చేరి ప్రాణాపాయమే సంభవించును. వైద్యులు దీనిని శరీరధర్మమందురు. దీక్ష యన్నను తప్పు లేదు. అయితే ఈ దీక్ష యాత్రికుని ప్రాణరక్షణకొఱకు మాత్రమే. దేహము అలవాటుపడిన పిదప అతనికి మఱి ఏ నియమమును జ్ఞాపకము రాదు. సరస్సు పక్షమున నియమము విధించువాడు ఎవడు?

పాంగాంగునకు దక్షిణమున, 4,500 మీటర్లకు మించిన ఎత్తున, త్సో మొరిరి యను మఱియొక సరస్సు కలదు. త్సో అనగా ఆ భాషలో సరస్సు. ఒడ్డున కోర్‌జోక్ అను పల్లెయు, ప్రాచీనమైన బౌద్ధమఠమును ఉన్నవి. బార్లీ పండించు ఆ కొద్ది మళ్ళు లోకమందలి మిక్కిలి ఎత్తైన సాగుభూములలోనివని ప్రసిద్ధి. అక్కడి బౌద్ధులు ఆ సరస్సును పవిత్రముగా భావించి, దాని నీటిని వాడుకొనరు. ఏడాది పొడవున వాన చుక్కకై ఎదురుచూచు దేశమున, కన్నుల యెదుట నూరు చదరపు కిలోమీటర్లకు మించిన నీరుండగా, దానిని ముట్టరు.

తార్కికుడైనవాడు ఇచ్చట ఒక ఆక్షేపణ చేయవచ్చును. ఆ నీటికి పోవు దారి లేదు గనుక అదియు కొంత ఉప్పదనము కలదియే. త్రాగుటకు అంతగా పనికిరాని నీటిని త్రాగకుండుటలో గొప్ప యేమి? ఆక్షేపణ సమంజసమే. కాని సముద్రపు నీటినిగూడ ఎవరును త్రాగరు. త్రాగని కారణముచేతనే నగరములు తమ మురుగునంతయు అందులోనికి వదలుచున్నవి. త్రాగుటకు పనికిరాని నీటిని పాడుచేయుటకు మనుష్యుడు వెనుకాడిన చోట్లు ఎన్ని? కోర్‌జోక్ వారి ఆచారమును ఆ ప్రక్కనుంచి చూచిన దాని విలువ తెలియును. తిరుమల కొండపై పూచిన ప్రతి పూవును స్వామిదే యను భావనతో అచ్చట భక్తులు పూలు ముడువరు. ఎదుట నున్నదెల్ల తనకొఱకే కాదను ఎఱుక రెండుచోట్లను ఒక్కటే.

1974లో లదాఖ్ యాత్రికులకు తెఱవబడెను. సరిహద్దునకు చేరువనున్న ఈ సరస్సుల ప్రాంతమునకు 1994 నుండి అనుమతిపత్రములపై రానిచ్చిరి. 2009లో వచ్చిన త్రీ ఇడియట్స్ అను హిందీ చలనచిత్రపు చివరి ఘట్టము పాంగాంగ్ ఒడ్డున తీయబడుటతో జనము వెల్లువయై వచ్చిరి. ఆ చిత్రమున కనిపించు పసుపుపచ్చని స్కూటరు వంటిదానిని ఒడ్డున నిలిపి ఫొటోలు తీయించువారు వెలసిరి. 2011 జనాభా లెక్కల ప్రకారము లదాఖ్ ప్రజలు 2,74,000 మంది. 2022లో అచ్చటికి వచ్చిన యాత్రికులు 5 లక్షలకు పైబడినవారు. అదే సంవత్సరము ఏప్రిల్ నెలలో కొందఱు కారును పాంగాంగ్ నీటిలో నడిపి వినోదించిన దృశ్యము దేశమంతటను ప్రచారమై నిందకు పాత్రమయ్యెను.

అట్టివారిని నిందించుట సులభము. అందువలన ధర్మవిచారమునకు వచ్చు లాభము స్వల్పము. మంచివాని సంగతియే కష్టమైనది.

ఆ సరస్సుల చుట్టునున్న చిత్తడినేలలలో నల్లని మెడగల సారసపక్షులు గూడు కట్టును. భారతదేశమున ఈ జాతి ప్రధానముగా లదాఖ్‌లోనే పిల్లలను చేయును. సంఖ్యయు మిక్కిలి కొద్ది. సాధారణముగా జంటకు రెండు గ్రుడ్లు. ఆడుదియు మగదియు వంతులవారీగా నెలదినములు పొదుగును. ఆ నెలలు వేసవి నెలలే. నగరవాసులు ఎండకు తాళలేక చల్లని చోటికి బయలుదేఱు నెలలును అవియే. గుడారములు వెలయును, వంటలు సాగును, మిగిలిన అన్నము బయట పడును. దానికై కుక్కలు చేరును. దయగల యాత్రికుడు ఆ చలిలో వణకుచున్న కుక్కను చూచి జాలిపడి రొట్టెముక్క వేయును. ఏ శాస్త్రమును దానిని తప్పనదు. సైనికశిబిరముల చెంతను, పల్లెల చెంతను, గుడారముల చెంతను ఇట్లు పెరిగిన కుక్కలు యాత్రికులు పోయిన పిదప ఆకలికి చిత్తడినేలలపై బడి సారసపు గ్రుడ్లను, ఎగురలేని పిల్లలను తినుచున్నవి. ఆ పక్షుల సంతతికి నేడు గల ముఖ్యమైన అపాయములలో ఇది యొకటియని పరిశోధకులు తేల్చిరి.

ఆదికావ్యము పుట్టుకకు ఒక క్రౌంచపక్షి మరణము కారణమని వినని తెలుగువాడుండడు. ఆ క్రౌంచము సారసజాతిదేయని పలువురి అభిప్రాయము. కాని వాల్మీకిమహర్షి యెదుట బోయవాడు విల్లుతో నిలిచియుండెను. శాపమునకు గుఱి కనబడెను. త్సో మొరిరి ఒడ్డున బోయవాడు ఎవడు? కుక్కకు ఆకలి. రొట్టె వేసినవానికి దయ. వానిని తీసికొని వచ్చిన డ్రైవరునకు సంసారము గడుపుకొనవలసిన అవసరము. గూడు మాత్రము ఖాళీ.

తెలియక చేసిన హింసను గూర్చి ధర్మశాస్త్రము మౌనము వహింపలేదు. గృహస్థుని యింట పంచసూనలు, అనగా ఐదు వధస్థానములు కలవని మనుస్మృతి చెప్పుచున్నది. పొయ్యి, సన్నికల్లు, చీపురు, రోలు, నీళ్ళకడవ: వీనివలన దినదినమును కంటికి కనబడని ప్రాణులు నశించును. అయినను పొయ్యి వెలిగింపవద్దని స్మృతి విధింపలేదు. వెలిగించినవాడు ఋణపడినాడని చెప్పి, ఆ ఋణము తీర్చుకొనుటకు పంచమహాయజ్ఞములను నిర్దేశించినది. ఉద్దేశము లేదు గనుక బాధ్యతయు లేదను మాటను ఆ విధి ఒప్పుకొనదు. యాత్రికుడు ఈ దృష్టితో తన్ను తాను పరీక్షించుకొనవలసియున్నది. ఇంకొక మెట్టు కూడ కలదు. పొయ్యి వెలుగనిచో ఇంటివారికి అన్నము లేదు, అతిథికి లేదు. సరస్సును చూడనిచో ఎవరు పస్తుండుదురు? కంటికి గల ఆకలియు ఆకలియేయని ఒప్పుకొన్నను, అది పొయ్యితో సమానమైన అవసరము కాదు. కనుక గృహస్థునికంటె యాత్రికుని ఋణము ఒక పాలు ఎక్కువయే యగును.

తీర్చుట యెట్లు? తెచ్చిన చెత్తను తానే తిరిగి మోసికొనిపోవుట, మిగులునట్లు వండకుండుట, కుక్కలకు ఆహారము వేయకుండుట, గుడారములకంటె పల్లెవారి యిండ్లలో బస చేయుట. ఇవి చిన్నపనులే, చెప్పిన చాలును. పొదుగు కాలమున చిత్తడినేలల దాపునకు పోవుట మాత్రము ఈ ప్రాయశ్చిత్తములకు లోబడదు. పోయిన గ్రుడ్డును ఏ యజ్ఞమును తిరిగి తేజాలదు. అచ్చటికి పోకుండుటయే విధి.

యాత్రలనే మానవలెనని తీర్పు చెప్పువారును కలరు. అది దూరమున కూర్చున్నవారి తీర్పు. మేకలను, జడలబఱ్ఱెలను మేపుకొని గుడారములతో తిరుగు చాంగ్‌పా జాతివారి బ్రదుకు కఠినమైనది. పలువురు మందలను విడిచి లేహ్ చేరుచున్నారు. యాత్రికుడు ఇచ్చు సొమ్ము వారి బిడ్డల చదువునకు పనికివచ్చుచున్నది. తాను ఏడాదికొకమాఱు చూడగోరు అందముకొఱకు మఱొకని పేదతనము నిలిచియుండవలెనని కోరుట అన్యాయము. నియమము కావలసినచో అచ్చటివారే ఏర్పఱచుకొనగలరు. 2000 సంవత్సరమున కోర్‌జోక్ ప్రజలు తమ సరస్సును జీవలోకమునకు పవిత్రమైన కానుకగా సమర్పించుచున్నామని ప్రకటించిరి. 2002లో అది రామ్‌సర్ ఒడంబడిక క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యముగల చిత్తడినేలగా గుర్తింపబడెను. కానుకగా ఇచ్చినదానిని పుచ్చుకొనువారి ప్రవర్తన యెట్లుండవలెనో ఆ పల్లెవారు అడుగలేదు. అడుగవలసిన పనియు లేదు.

ఎడముగా నిలుచుట యనగా ఎఱుగకుండుట యని అర్థము చేసికొనరాదు. లదాఖ్‌లోని ఆ ఎత్తైన పీఠభూమియే తూర్పుగా టిబెట్టులోనికి సాగి, మానససరోవర ప్రాంతముతో కలియును. తూర్పుగోదావరి ప్రాంతమున 1896లో జన్మించిన స్వామి ప్రణవానంద ఆ సరోవరమునకు అనేకపర్యాయములు పోయిరి. 1936–37లో ఒక ఏడాది ఆ తీరమున ఒక బౌద్ధమఠమునందు వసించి, శీతకాలమున నీరు గడ్డకట్టుటను, మంచు పగులుటను, తిరిగి కరగుటను దినదినమును గమనించి వ్రాసిరి. నీటి లోతును కొలిచిరి. సన్న్యాసికి లోతు కొలతలతో పనియేమని కొందఱకు తోపవచ్చును. జపము చేసికొనుటకు పోయినవారే కొలతలును తీసిరి. ఒకదాని వలన ఇంకొకటి చెడలేదు. చలికాలమంతయు అచ్చట నుండిపోయినవారికి ఆ సరస్సు ఒక రంగుగా మాత్రము మిగిలియుండదు. 1949లో వెలువడిన వారి ఆంగ్లగ్రంథమునకు జవహర్‌లాల్ నెహ్రూ తొలిపలుకు వ్రాసిరి. ఒక గంట నిలిచి, పది ఫొటోలు తీసికొని, చీకటి పడకముందే కనుమ దాటవలెనని మరలు నేటి యాత్రికుడు అంతకాలము ఉండజాలడు. ఉండవలెననియు ఎవరును కోరరు. కాని ఆ గంటలో కొంతసేపు కెమెరాను సంచిలో పెట్టి కూర్చుండుట అతని చేతిలోని పనియే.

అంతదూరము పోలేనివారి సంగతి వేఱు. లదాఖ్, టిబెట్, మంగోలియా పీఠభూములలో గ్రుడ్లుపెట్టు పట్టెతల బాతులు, తలవెనుక రెండు నల్లని చారలుగల పక్షులు, చలికాలమునకు హిమాలయములను దాటి దక్షిణదేశపు చెఱువులకు వచ్చును. కవులు మానససరస్సుతో ముడిపెట్టిన హంస ఇదియేయని కొందఱు పండితుల ఊహ. కర్ణాటకమందలి చెఱువులలో ఇవి గుంపులుగా దిగును. తెలంగాణమున మంజీరా జలాశయమునందును కనబడినవి. పగలు నీటి అంచున విశ్రమించి, చీకటిపడగా పొలములకు మేతకు పోవును. గట్టుమీద మనిషి ఆగిన దూరమును బట్టి అవి అచ్చటనే యుండును, లేదా ఒక్కుమ్మడి లేచిపోవును.