గుడ్డి కన్నా మెల్ల మేలేనా?

మా అవ్వ మాటకు ముందొక సామెత, మాటకు వెనకొక సామెత చెబుతుంది. వాటిలో రెండు సామెతలు ఈ మధ్య మా ఇంట్లో ఒకదానితో ఒకటి గొడవపడ్డాయి. ఒకటి "గుడ్డి కన్నా మెల్ల మేలు". రెండోది "బతికుంటే బలుసాకు తినవచ్చు". గొడవకు కారణం ఒక పాత చిన్న కారు.

ముందు జరిగిన సంగతి చెప్పాలి. నేను ఐదో తరగతిలో ఉండగా పెరంబూరులో ఒక పెళ్లికి వెళ్లి, రాత్రిపూట వానలో కొరుక్కుపేటలోని మా ఇంటికి తిరిగి వస్తున్నాం. మనుషులం నలుగురం, బండి ఒకటే. పెట్రోలు ట్యాంకు మీద తమ్ముడు, తర్వాత నాన్న, ఆయన వెనక నేను, చివర ఒక పక్కకు తిరిగి కూర్చున్న అమ్మ. హెల్మెట్ నాన్నకు ఒక్కడికే ఉంది. బేసిన్ బ్రిడ్జి దగ్గర బండి జారింది. అందరం రోడ్డు మీద పడ్డాం. వెనకే వస్తున్న లారీ సమయానికి ఆగింది కాబట్టి ఈ రోజు ఈ వ్యాసం రాస్తున్నాను. అమ్మ మోచెయ్యి గీరుకుపోయింది, పట్టుచీర చిరిగింది, అంతే. ఆ రాత్రి నాన్న నిద్రపోలేదు. "ఎలాగైనా ఒక కారు కొనాలి" అన్నాడు.

మనలాంటి ఇళ్లలో ఈ మాట అనని నాన్న ఉండడేమో. వానలో ఒకే స్కూటరు మీద వెళ్తున్న ఒక కుటుంబాన్ని చూసే తనకు చవక కారు ఆలోచన వచ్చిందని రతన్ టాటా చెప్పారు. 2008 జనవరి 10న ఢిల్లీలో ఆయన నానో కారును లోకానికి చూపించారు. ధర లక్ష రూపాయలన్నారు. ఆ ధర కోసం ఎన్నో తగ్గించారు. ఇంజను 624 సీసీ, రెండే సిలిండర్లు. అద్దం తుడిచే వైపరు ఒక్కటే. చక్రానికి మూడే నట్లు. ఇవన్నీ తెలివిగా చేసిన పొదుపులు. వాటిని చూసి నాకు గౌరవమే కలిగింది.

తర్వాత అలాంటి ప్రయత్నమే మన చెన్నై దగ్గర జరిగింది. రెనో కంపెనీ తన క్విడ్ కారును ఇక్కడ కూర్చునే తయారు చేసింది. ఆ పనికి పెద్దగా జెరార్ డెటూర్బే అనే ఫ్రెంచి ఇంజనీరు చెన్నై వచ్చి ఉన్నారు. విడిభాగాల్లో చాలా వరకు మన దేశంలోనే చేయించారు. కారు ఒరగడం ఫ్యాక్టరీలో తయారైంది. 2015 మే నెలలో చెన్నైలోనే దాన్ని మొదటిసారి అందరికీ చూపించారు. సెప్టెంబరులో ధర చెప్పారు. అన్నిటికన్నా తక్కువ రకం సుమారు 2 లక్షల 57 వేలు. ఇంజను 799 సీసీ. చిన్న కారైనా చూడ్డానికి పెద్ద జీపులా ఉంది. జనం ఎగబడి బుక్ చేసుకున్నారు. మా మేనమామ ఆ వైపే విడిభాగాలు చేసే ఒక కంపెనీలో పని చేస్తాడు. "మన చేతులమీదుగా తయారైన కారమ్మా" అని అప్పట్లో గర్వంగా చెప్పేవాడట.

అయితే 2016 మే నెలలో గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ మన దేశంలో అమ్మే కొన్ని కార్లను గుద్ది చూసింది. గంటకు 64 కిలోమీటర్ల వేగంతో ఎదుటి అడ్డుకు కారు ముందు భాగంలో ఒక పక్కను ఢీకొట్టిస్తారు. లోపల మనుషుల బదులు బొమ్మలు ఉంటాయి. క్విడ్‌కు పెద్దవాళ్ల రక్షణలో సున్నా నక్షత్రాలు వచ్చాయి. డ్రైవరు ఎయిర్‌బ్యాగు ఉన్న రకానికి కూడా సున్నాయే. ఇది ఒక్క కంపెనీ కథ అనుకోకూడదు. 2014లో అదే సంస్థ పరీక్షించిన ఐదు కార్లకూ సున్నాయే వచ్చింది. వాటిలో నానో ఉంది. మన చెన్నై చుట్టుపక్కల తయారైన హ్యుందాయ్ ఐ10, ఫోర్డ్ ఫిగో కూడా ఉన్నాయి. అప్పట్లో మన చట్టం ఎయిర్‌బ్యాగు పెట్టమని అడగలేదు. అలా గుద్ది చూడమనీ అడగలేదు. కాబట్టి ఎవరూ చట్టం తప్పలేదు.

ఇక్కడే నా ప్రశ్న మొదలైంది. చట్టం తప్పకపోతే ధర్మం కూడా తప్పనట్టేనా?

ఈ ప్రశ్న అడిగితే మామ వెంటనే జవాబిచ్చాడు. "నువ్వు కారును కారుతో పోలుస్తున్నావు. కొనేవాడు బండితో పోల్చుకుంటాడు. బండికి ఏ పరీక్ష పెడితే ఎన్ని నక్షత్రాలు వస్తాయి? అన్నీ పెడితే ధర పెరుగుతుంది. ధర పెరిగితే మీ నాన్న బండి మీదే ఉంటాడు. గుడ్డి కన్నా మెల్ల మేలు కదా!"

ఈ మాటను తేలిగ్గా కొట్టిపారేయలేం. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో సుమారు 1 లక్షా 68 వేల మంది చనిపోయారు. వారిలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవాళ్లే. ఆ బేసిన్ బ్రిడ్జి రాత్రి మేం ఏ సున్నా నక్షత్రాల కారులో ఉన్నా అమ్మ మోచెయ్యి గీరుకునేది కాదు. చవక కారు చేసినవాళ్లు దుర్మార్గులని నేను అనను. వాళ్ల ఆలోచన మొదలైంది జాలితోనే.

అయినా నాకు ఎక్కడో ముల్లు గుచ్చుకుంటూనే ఉంది. అదేమిటో మా అవ్వ వల్ల తెలిసింది.

అవ్వ పాతికేళ్లు మా వీధి మొదట్లో ఇడ్లీ అంగడి పెట్టింది. రోజుకూలీలు, రిక్షా లాగేవాళ్లు తినేవాళ్లు. మినప్పప్పు ధర పెరిగినప్పుడల్లా ఏదో ఒకటి తగ్గించక తప్పేది కాదు. ఇడ్లీ కొంచెం చిన్నది చేసేది. చట్నీలో కొబ్బరి తగ్గించి పుట్నాలపప్పు ఎక్కువ వేసేది. సాంబారు రెండో గరిటె అడిగితే "రేపు రా నాయనా" అనేది. కానీ పాసిపోయిన పిండి ఒక్క రోజూ వాడలేదట. ఎందుకని అడిగాను. "ఇడ్లీ చిన్నదైతే వాడికి కనపడుతుంది. నచ్చకపోతే పక్క అంగడికి పోతాడు. పిండి పాసిందో లేదో వాడికేం తెలుస్తుంది? వాడికి తెలియనిది నేనే చూడాలి గదే" అంది.

నాకు ఇంతకన్నా మంచి నీతిశాస్త్రం ఎక్కడా దొరకలేదు. ఒక వస్తువులో తగ్గించే వాటిలో రెండు రకాలున్నాయి. కొనేవాడి కంటికి కనపడేవి కొన్ని, కనపడనివి కొన్ని. ఒక్క వైపరు కనపడుతుంది. చిన్న ఇంజను సంగతి అడిగి తెలుసుకోవచ్చు. అవి ఒప్పుకుని కొంటే అది న్యాయమైన బేరం. కారు ఒళ్లు గుద్దుకున్నప్పుడు నిలబడుతుందో నలిగిపోతుందో షోరూములో చేత్తో తట్టి చూస్తే తెలియదు. అక్కడ కొనేవాడికి బేరం ఆడే శక్తి లేదు. అతనికి ఉన్నది నమ్మకం ఒక్కటే. క్విడ్ కొత్తగా వచ్చినప్పుడు ఖరీదైన రకాల్లో వేలితో తాకే పెద్ద తెర ఉంది. డ్రైవరు ఎయిర్‌బ్యాగు మాత్రం అన్నిటికన్నా పై రకంలో, అదీ కోరుకుంటేనే. కనపడేది ముందుకొచ్చింది, ప్రాణం కాపాడేది వెనక్కి పోయింది. కొనేవాళ్లం మనం కూడా తెరనే అడిగాం, ఎయిర్‌బ్యాగును అడగలేదు. ఆ తప్పులో మనకూ భాగముంది.

"చవకలో అంతకన్నా కుదరదు" అనే మాట కూడా పూర్తిగా నిజం కాదు. ఆ 2016లోనే సెప్టెంబరులో, కొన్ని మార్పులు చేసిన క్విడ్‌కు ఒక నక్షత్రం వచ్చింది. మరుసటి ఏడు బ్రెజిల్ దేశంలో అదే పేరుతో ఆ కారు అమ్మకానికి వచ్చింది. అక్కడ అన్ని రకాల్లోనూ నాలుగు ఎయిర్‌బ్యాగులు ఉన్నాయి. ఒంటిని గట్టిపరిచారు. అక్కడి పరీక్షలో మూడు నక్షత్రాలు వచ్చాయి. బ్రెజిల్లో 2014 నుంచే ప్రతి కొత్త కారుకూ ముందు ఎయిర్‌బ్యాగులు తప్పనిసరి. అంటే విద్య తెలియక కాదు, అడిగేవాళ్లు లేక. బ్రెజిల్ తమ్ముడి ఎముకలు, మా తమ్ముడి ఎముకలు ఒకలాంటివే కదా!

మన తెలుగు పాఠంలో తిక్కనగారి భారత పద్యం చదువుకున్నాం. ఇతరులు ఏం చేస్తే మన మనసు నొచ్చుకుంటుందో అది మనం ఇతరులకు చేయకుండా ఉండటమే అన్ని ధర్మాలకూ మూలమని దాని భావం. కారు చేసేవాళ్లకు దీన్ని ఒక చిన్న ప్రశ్నగా మార్చి అడగవచ్చు. "అన్నిటికన్నా తక్కువ రకం కారులో, ముందు సీటులో, మీ పిల్లల్ని కూర్చోబెట్టి హైవే మీదికి పంపుతారా?" అవును అనగలిగితే ఆ కారు అమ్మవచ్చు. గొంతు తడబడితే ఇంకా పని మిగిలి ఉందని అర్థం.

ఇప్పుడు చట్టం మారింది. 2019 జులై నుంచి డ్రైవరుకు, 2022 నుంచి పక్క సీటుకు కూడా ఎయిర్‌బ్యాగు ప్రతి కొత్త కారులో ఉండాలి. 2023 అక్టోబరు నుంచి మన దేశమే భారత్ ఎన్‌క్యాప్ పేరుతో నక్షత్రాలు ఇస్తోంది. మంచిదే. కానీ మామ చెప్పిందీ కొంత నిజమైంది. ఇందువల్ల, ఇంకా పొగ నిబంధనల వల్ల, ఇనుము ధరల వల్ల చిన్న కార్ల ధర పెరిగింది. రెండున్నర లక్షలకు వచ్చిన కారు ఇప్పుడు నాలుగు లక్షలు దాటింది. కొత్త కారు మళ్లీ మా నాన్నకు అందనంత దూరం జరిగింది.

అందుకే నాన్న ఒక పాత కారు చూశాడు. ఎయిర్‌బ్యాగు రాకముందుది. ఇన్ని లెక్కలు నేర్చుకున్నాను కదా, "వద్దు నాన్నా, బతికుంటే బలుసాకు తినవచ్చు. ఇంకో రెండేళ్లు ఆగుదాం" అన్నాను. నాన్న కోప్పడలేదు. "ఆ రెండేళ్లు మనం దేని మీద వెళ్తామమ్మా?" అని అడిగాడు. బయట అప్పుడే చినుకులు మొదలయ్యాయి. నా దగ్గర జవాబు లేదు.

కారు కొన్నాడు. అందరం బెల్టు పెట్టుకుంటాం. వెనక సీటులో అవ్వ కూడా పెట్టుకుంటుంది, గొణుక్కుంటూనే. నాన్న యాభై దాటనివ్వడు. ఆయన చేసింది తప్పని నేను అనుకోవడం లేదు. చేతిలో ఉన్న డబ్బుతో, ఎదురుగా ఉన్న రెండు దారుల్లో మెరుగైనది ఎంచుకున్నాడు. ఆ సామెత ఆయన నోట్లో ధైర్యం.

అదే సామెత వస్తువు చేసి అమ్మేవాడి నోట్లో సాకు అవుతుంది. లేనివాడు తనకు తాను చెప్పుకోవలసిన మాటను ఉన్నవాడు అతనికి చెప్పకూడదు. నాకు అర్థమైంది ఇదే.

మనలో కొందరం రేపు ఇంజనీర్లమవుతాం. ఒరగడంలోనో శ్రీపెరంబుదూరులోనో ఒక బల్ల ముందు కూర్చుని, ఎక్కడ ఎన్ని పైసలు తగ్గించవచ్చో లెక్క వేస్తాం. తగ్గించండి, తప్పు లేదు. ఇడ్లీ చిన్నది చేయండి. పిండి మాత్రం వాసన చూడండి.