ఊరు దాటిన తరువాతి భోజనము

ధ్యానభాగము: 1 కొరింథీయులకు 10:23–33



తినుటలోను త్రాగుటలోను దేవుని మహిమనే కోరవలెనని పౌలు భక్తుడు బోధించిన మాటను మనము యింటి గోడమీద వ్రేలాడదీసికొందుము. అయితే అది యింటి భోజనమును గూర్చి వ్రాయబడిన మాట కాదు. దానికి ముందున్న వచనములు చూడుడి. అంగడిలో కొన్న మాంసమును గూర్చియు, అవిశ్వాసి పిలిచిన విందును గూర్చియు అక్కడ ప్రస్తావన గలదు. కొరింథు రెండు రేవుల మధ్యనున్న వర్తకపట్టణము. పనిమీద వచ్చి పోవువారు అక్కడ అనేకులు. అట్టి చోట విశ్వాసి ఎట్లు తినవలెనన్నదే అపొస్తలుని చింత.

మిరపకాయల కాలమున మనము టిక్కీలు వేసికొని గుంటూరు యార్డుకు పోవుదుము. ఒకటి రెండు రాత్రులు అక్కడనే గడచును. మనలను ఎరిగినవారు అక్కడ లేరు. ఇల్లాలు లేదు, సంఘపెద్ద లేడు, పాస్టరు లేడు. సరకు అమ్ముడైన పిమ్మట చేతిలో రొక్కముండును. మన భక్తి నిజముగా తూచబడునది ఆ పూటనే.

మొదట, ఆకలితో మాడకుడి. నాలుగు రూపాయలు మిగుల్చుటకై కొందరు పగలంతయు టీ నీళ్లతోనే గడిపి సొమ్మసిల్లుదురు. ప్రభువు తన శిష్యులను ఊరూరికి పంపినప్పుడు, పెట్టినదానిని తినుటకు వారికి సెలవిచ్చెను (లూకా 10:7, 8). కష్టపడువాడు తినుట పాపము కాదు.

రెండవది, బ్రాందీషాపు గడప త్రొక్కకుడి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై తిరుగబడిరి. 1993లో సారా నిషేధింపబడెను. 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను; 1997లో అది సడలిపోయెను. ప్రభుత్వము తలుపు మూయును, మరల తెరచును. మన తలుపు మనమే మూసికొనవలెను. ఆ రొక్కములో పురుగుమందుల అప్పున్నది, బిడ్డ చదువున్నది. ఒక్క రాత్రి త్రాగుడుకు ఏడాది కష్టము కరగిపోవును.

మూడవది, ప్రక్కన కూర్చున్నవానిని త్రోసివేయకుడి. టీ హోటలులో వేరు గ్లాసు బాధ మన పెద్దలు ఎరుగుదురు. 1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగము అంటరానితనమును రద్దు చేసి, హోటళ్ల తలుపులు అందరికిని తెరచెను. ఆ బాధ తెలిసిన మనము, చెమటబట్టలతో వచ్చి కూర్చున్న హమాలీని చూచి జరిగిపోవచ్చునా? అంతియొకయలో పేతురు అన్యజనులతో తినుట మాని వెనుకతీసినప్పుడు, పౌలు అందరియెదుట అతనిని గద్దించెను (గలతీయులకు 2:11–14). మన బల్లయొద్ద పరుడు లేడు.

ఇడ్లీ పళ్లెము ముందు తల వంచి ప్రార్థించుటకు సిగ్గు కలుగుచున్నదా? తుపానులో చిక్కిన ఓడమీద, 276 మందిలో, పౌలు రొట్టె పట్టుకొని దేవునికి కృతజ్ఞత చెల్లించెను (అపొ. కార్యములు 27:35–37). అది చూచి వారందరును ధైర్యము తెచ్చుకొని భుజించిరి. మన చిన్న ప్రార్థన చూచి ధైర్యము పొందువాడు ప్రక్క బల్లయొద్దనే యుండవచ్చును.

కావున ప్రియులారా, ఈ కోతలకు బయలుదేరునప్పుడు సద్దిమూటతోకూడ ఈ మాటను కట్టుకొని పోవుదము. ఊరిలో మన దేవుడైనవాడు యార్డులోను మన దేవుడే. తిరిగి వచ్చిన దినమున యింటివారి ముఖము చూచి, లెక్క చెప్పి, వారితో కలిసి కూర్చుండి సంతోషముతో అన్నము తినగలుగు కృప ప్రభువు మనకందరికి దయచేయును గాక. ఆమేన్.